ఆదవాని: పురరక్షణమున వాడుక ప్రాధాన్యము

ప్రాచీన కట్టడము దేనివలన నిలుచును? రాతి దార్ఢ్యముచేతనా, రాజశాసనముచేతనా? ఆదవాని చరిత్ర వేరొక సమాధానము నిచ్చుచున్నదని మేము తలంచుచున్నాము.

17వ శతాబ్దిలో బిజాపురపు సుల్తానుల పక్షమున ఆదవాని నేలిన సిద్ది మసూద్ ఖాన్ అచట జామియా మసీదును కట్టించెను. 1688లో ఔరంగజేబు సేనలు ముట్టడించినపుడు, ఫిరంగులు మసీదువైపు తిరుగుట చూచి అతడు కోట నప్పగించెనని జనశ్రుతి. 1786లో టిప్పు సుల్తాను ఆ కోటను జయించి ప్రాకారములను పడగొట్టించెను. 1800లో ఈ సీమ ఆంగ్లేయుల వశమైన పిదప వానిని మరల నెత్తవలసిన పని యెవ్వరికిని లేకపోయెను. కోట శిథిలమాయెను, జనులు నిత్యము కూడెడి మసీదు నిలిచియున్నది.

కావున పురనిర్మాణవేత్త మొదట అడుగవలసినది కట్టడపు వయస్సు కాదు, దాని వాడుక. ఆదవాని 1953 వరకు బళ్ళారి మండలమున, మద్రాసు పరిపాలనలో నుండెను. 1915లో ఆ రాజధాని పట్టణములను పరిశీలించిన స్కాట్లండు దేశీయుడు పాట్రిక్ గెడ్డీస్, పాతపేటలను కూల్చి తిన్నని వీథులు వేయుటను నిరసించి, ముందు పరిశీలనము, పిదప మితమైన మార్పు అను పద్ధతిని బోధించెను. 2010 నాటి చట్టసవరణ కేంద్ర సంరక్షిత కట్టడముల చుట్టును 100 మీటర్ల మేర నూతన నిర్మాణమును నిషేధించినది. ఆ హద్దు ఆవశ్యకమే; గాని అది దూరమును కొలుచును, వాడుకను కొలువజాలదు.

ప్రత్తి వ్యాపారముచే పెరిగిన ఆదవానిలో రోడ్ల వెడల్పునకు గీత గీయుటకు ముందు, పాత వీథులను, అంగళ్ళను, కోటగోడల శేషములను ఎవరెవరు ఏ పనికి వాడుచున్నారో నమోదు చేయవలెను. శేషించిన గోడకు జనులతో సంబంధము కల్పింపక కంచె మాత్రము వేసినచో, 1786లో మొదలైన పని మన చేతులమీదుగనే పూర్తి యగును.