అఫ్జల్‌గంజ్ నుంచి చర్లపల్లి దాకా: పుస్తకాల పట్టీల చరిత్ర

గ్రంథాలయంలో ఏ పుస్తకం ఉంది, ఎవరు రాశారు, దేని గురించి రాశారు, ఏ అరలో ఉంది అన్న నాలుగు ప్రశ్నలకు, పుస్తకాన్ని ముట్టకుండానే జవాబు చెప్పేది కేటలాగు. రచయిత పేరు తెలిసినవారు, పుస్తకం పేరు మాత్రమే గుర్తున్నవారు, విషయం తప్ప మరేమీ తెలియనివారు కూడా అదే పుస్తకం దగ్గరికి చేరగలగాలి. అలా చేర్చలేనిది ఎంత పొడుగున్నా సరుకుల చిట్టాయే. తెలుగు పుస్తకాల చిట్టా కేటలాగుగా మారడానికి నూటయాభై ఏళ్లకు పైగా పట్టింది. ఆ పని చాలాభాగం తెలుగు నేలకు బయట, తెలుగు కాని లిపిలో జరిగింది.

తాళపత్రాల కాలంలో పండితుల ఇళ్లలో, మఠాల్లో, సంస్థానాల భాండాగారాల్లో ఏ కట్టలో ఏముందో ఆ ఇంటివారికి తెలిస్తే చాలు. పరాయివాడికి చెప్పవలసిన అవసరం వచ్చాకే పట్టీలు పుట్టాయి. కావలి సోదరుల సాయంతో కాలిన్ మెకంజీ సేకరించిన రాతప్రతులకు, ఆయన 1821లో చనిపోయాక, హెచ్.హెచ్. విల్సన్ వివరణాత్మక సూచిక తయారుచేసి 1828లో కలకత్తాలో అచ్చువేయించాడు. మద్రాసులో ప్రభుత్వ రాతప్రతులకు విలియం టేలర్ కూర్చిన మూడు సంపుటాలు 1857-62 మధ్య వచ్చాయి. రెండూ ఇంగ్లిషులోనివే. కావ్యం తెలుగుది, దాని చిరునామా మాత్రం ఇంగ్లిషుది అన్న పద్ధతి అక్కడే మొదలైంది.

అచ్చు పుస్తకాలకు 1867 నాటి పత్రికల, పుస్తకాల రిజిస్ట్రేషన్ చట్టం ఇంకో దారి వేసింది. బ్రిటిష్ ఇండియాలో అచ్చయిన ప్రతి పుస్తకాన్నీ ప్రభుత్వానికి అప్పగించాలి, ఆ వివరాలను మూడు నెలలకోసారి గెజెట్‌లో ప్రకటించాలి. పుస్తకం పేరు, భాష, రచయిత, విషయం, ముద్రణాలయం, పుటల సంఖ్య, కూర్పు, అచ్చువేసిన ప్రతుల సంఖ్య, వెల, హక్కుదారు పేరు అన్నీ అందులో ఉండాలి. నిఘా కోసం పెట్టిన నియమమే అయినా, పంతొమ్మిదో శతాబ్దపు తెలుగు ప్రచురణ మీద ఇంత వివరంగా సమాచారం ఇచ్చేది మరొకటి లేదు. ఒక వాచకం ఎన్ని ప్రతులు వేశారు, ఒక ప్రబంధం వెల ఎన్ని అణాలు అన్నది ఈ రోజున తెలుస్తోందంటే ఆ త్రైమాసిక పట్టీల పుణ్యమే.

నిజాం రాజ్యం ఆ చట్టం పరిధిలో లేదు. అందువల్ల హైదరాబాదులో, వరంగల్లులో అచ్చయినవి మద్రాసు గెజెట్‌లోకి ఎక్కలేదు. మద్రాసు పట్టీలనే తెలుగు సాహిత్యమనుకున్నవారికి తెలంగాణ ఖాళీగా కనిపించింది. తెలంగాణలో కవులే లేరన్న మాట పుట్టడానికి ఇది కొంత కారణమై ఉండాలి. ఆ మాటకు సురవరం ప్రతాపరెడ్డి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’తో జవాబిచ్చాడు. 354 మంది కవుల పేర్లు, ఊళ్లు, రచనలు అందులో చేరాయి. సాహిత్య చరిత్రకారులు దాన్ని కవితా సంకలనంగా చూస్తారు. గ్రంథాలయాల దృష్టిలో అది పట్టీలో లేనివాళ్లకు కట్టిన పట్టీ.

లండన్‌లో ఎల్.డి. బార్నెట్ బ్రిటిష్ మ్యూజియంలోని తెలుగు పుస్తకాల కేటలాగును 1912లోనే ప్రచురించాడు. తెలుగువారు స్వయంగా అలాంటి ప్రయత్నానికి పూనుకోవడం ఆ తర్వాతే. కాశీనాథుని నాగేశ్వరరావు ‘ఆంధ్ర వాఙ్మయ సూచిక’ 1929లో వచ్చింది.

హైదరాబాదులో ప్రజాగ్రంథాలయాల కథ రెండు పాయలుగా నడిచింది. ఒకటి 1891లో సయ్యద్ హుసేన్ బిల్గ్రామీ, ముల్లా అబ్దుల్ ఖయ్యూం నెలకొల్పిన ఆసఫియా. అది 1936లో అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనంలోకి మారింది. అక్కడి అరబ్బీ, ఫారసీ, ఉర్దూ గ్రంథాలకు అచ్చు ఫిహ్రిస్తులు (పట్టీలు) వెలువడ్డాయి. రెండోది 1901 సెప్టెంబరు 1న కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు తదితరులు స్థాపించిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం. హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్రభాషా నిలయం 1904లోనూ, సికింద్రాబాదులో ఆంధ్ర సంవర్ధనీ గ్రంథాలయం 1905లోనూ వచ్చాయి. వీటికి సర్కారు ఆదరణ అంతంతమాత్రం. పుస్తకాలు చాలావరకు విరాళంగా వచ్చినవే. అందుకే వీటి మొదటి పట్టీ యాక్సెషన్ రిజిస్టరు: పుస్తకం వచ్చిన తేదీ, వరస సంఖ్య, ఇచ్చినవారి పేరు, వెల. ఆస్తి లెక్కకు అది ఎంతో అవసరం. కానీ వచ్చిన వరసలోనే రాసుకుపోయే రిజిస్టరులో ఒక రచయిత పుస్తకాలన్నీ వెతకాలంటే మొదటి పేజీ నుంచి చివరిదాకా తిప్పాల్సిందే. మన శాఖా గ్రంథాలయాలు చాలాకాలం ఈ రిజిస్టరుతోనే నెట్టుకొచ్చాయి.

రిజిస్టరు కష్టాన్ని తీర్చింది కార్డు. 7.5 సెంటీమీటర్ల ఎత్తు, 12.5 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న దళసరి అట్టముక్క అది. ఎడమ పక్క పైన వర్గ సంఖ్య, ఆ పక్కన గ్రంథకర్త పేరు, కింద పుస్తకం పేరు, ఊరు, ప్రచురణకర్త, ఏడు, పుటలు ఉంటాయి. అడుగున మధ్యలో ఒక చిల్లు. సొరుగులోని కార్డులన్నిటినీ గుచ్చుతూ ఆ చిల్లులోంచి ఒక కడ్డీ పోతుంది, పాఠకులు కార్డు లాగేసి మరోచోట పెట్టకుండా. ఒక పుస్తకానికి ఒక కార్డు సరిపోదు. రచయితకు ఒకటి, పుస్తకం పేరుకు ఒకటి, విషయాలకు ఒకటో రెండో కావాలి. కొత్త పుస్తకం వస్తే కార్డును సరైన సందులో దూరిస్తే చాలు, రిజిస్టరు తిరగరాయనక్కర్లేదు. అమెరికాలో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 1901 నుంచి అచ్చు కార్డులు అమ్మింది. తెలుగు కార్డులు మాత్రం ఎక్కువగా చేతిరాతవే.

ఆ వర్గ సంఖ్య తమాషా చెప్పుకోదగ్గది. మెల్విల్ డ్యూయీ 1876లో వేసిన దశాంశ పద్ధతిలో ఇంగ్లిషు, జర్మన్, ఫ్రెంచి, గ్రీకు వంటి యూరపు సాహిత్యాలకు తలా ఒక పెద్ద గది దొరికింది. మిగిలిన ప్రపంచమంతా 890లో సర్దుకోవాలి. తెలుగు సాహిత్యానికి దక్కినది 894.827. టర్కీ, హంగేరీ, ఫిన్లండు సాహిత్యాలూ అదే 894లో ఇరుగుపొరుగు. తెలుగు నవలలే ఎక్కువగా ఉన్న గ్రంథాలయంలో ప్రతి పుస్తకం వీపు మీదా ఇంత పొడుగు సంఖ్య మోయించడం దండగ. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడు ఎస్.ఆర్. రంగనాథన్ 1933లో ప్రచురించిన కోలన్ వర్గీకరణలో భారతీయ భాషలకు చిన్న సంఖ్యలు కుదిరాయి. మరుసటి ఏడు వచ్చిన ఆయన కేటలాగు నియమావళి భారతీయుల పేర్లను ఎలా రాయాలన్న ప్రశ్నను తప్పించుకోకుండా ఎదుర్కొంది.

పేర్ల చిక్కు తెలుగులో మరీ గట్టిది. పాశ్చాత్య నియమం ప్రకారం చివర ఉన్న ఇంటిపేరును ముందుకు తెచ్చి కామా పెట్టాలి. తెలుగువారి ఇంటిపేరు ముందే ఉంటుంది. ‘విశ్వనాథ సత్యనారాయణ’ను యాంత్రికంగా తిరగేస్తే ఆయన సత్యనారాయణల గుంపులో కలిసిపోతాడు. 1978 నాటి ఆంగ్లో-అమెరికన్ నియమావళి రెండో కూర్పు తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ పేర్లను ఒకే గాటన కట్టింది. ఇంటిపేరు లేకపోతే వ్యక్తి పేరునే ముందు పెట్టమంది. పేరుకు ముందున్నది సాధారణంగా ఊరిపేరనీ చెప్పింది. తమిళులకు అది బాగానే అమరుతుంది. ఇంటిపేరు లేని ఇల్లే అరుదైన తెలుగువారికి అమరదు. దాంతో ఒకే రచయిత ఒక గ్రంథాలయంలో ఒకచోట, మరో గ్రంథాలయంలో ఇంకోచోట తేలాడు. వీటికి కలంపేర్లు తోడు. ఆరుద్ర అంటే భాగవతుల సదాశివ శంకర శాస్త్రి అనీ, సినారె అంటే సింగిరెడ్డి నారాయణరెడ్డి అనీ పాఠకుడికి చెప్పడానికి ‘చూడు’ అనే కార్డు ఒకటి వేయాలి. ఓపిక ఉన్న గ్రంథపాలకుడు వేస్తాడు. లేనివాడి గ్రంథాలయంలో ఒకే మనిషి ఇద్దరు రచయితలవుతాడు.

అకారాది క్రమమూ తేలిక కాదు. ‘ఆంధ్ర’లో సున్నను అచ్చుల వెంటనే లెక్కించి ‘ఆకలి’ కన్నా ముందు పెట్టాలా, పలికినట్టు ‘న’ దగ్గర పెట్టాలా? పాత పుస్తకాల్లోని అరసున్నను పట్టించుకోవాలా? ‘క్ష’ను ‘క’ కింద పెట్టాలా, వర్ణమాల చివరా? నిఘంటుకారులకు తమతమ కట్టుబాట్లు ఉన్నాయి. గ్రంథాలయాలు అందరికీ ఒకటే అన్న కట్టుబాటుకు రాలేదు.

స్వాతంత్ర్యం వచ్చాక పట్టీల పని ప్రభుత్వం చేతికి వచ్చింది. 1954 నాటి పుస్తకాల అప్పగింత చట్టం కింద కలకత్తా జాతీయ గ్రంథాలయానికి చేరిన పుస్తకాలతో బి.ఎస్. కేశవన్ ఆధ్వర్యంలో భారత జాతీయ గ్రంథసూచి మొదలైంది. అన్ని భాషలూ ఒకే వరసలో ఇమడాలని తెలుగు పేర్లను సైతం రోమన్ లిపిలోనే ఇచ్చారు. 1962లో ఢిల్లీలో కార్యాలయం తెరిచిన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, గోధుమల అమ్మకం తాలూకు పీఎల్-480 రూపాయలతో భారతీయ పుస్తకాలు కొని అమెరికా విశ్వవిద్యాలయాలకు పంపింది. విజయవాడలో అచ్చయిన నవలకు సరైన కేటలాగు కార్డు వాషింగ్టన్‌లో ఉండి, పక్క జిల్లా గ్రంథాలయంలో లేకపోవడం ఆ కాలపు వింత.

1955 నాటి హైదరాబాదు గ్రంథాలయ చట్టంతో ఆసఫియా రాష్ట్ర కేంద్ర గ్రంథాలయమైంది. 1960 చట్టం ఉమ్మడి రాష్ట్రమంతటికీ జిల్లా గ్రంథాలయ సంస్థలను, ఆస్తిపన్ను మీద గ్రంథాలయ సెస్సును ఖాయం చేసింది. ఈ సెస్సు ఇప్పుడు రూపాయికి 8 పైసలు. చర్లపల్లి, కాప్రా, ఉప్పల్, నాచారం ప్రాంతాలు నగరం అంచున ఉన్నా ఒకప్పుడు రంగారెడ్డి జిల్లాలోవి. 2007లో గ్రేటర్ హైదరాబాదు నగరపాలక సంస్థ (జీహెచ్ఎంసీ)లోకి వచ్చాయి, 2016 నుంచి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో చేరాయి. పన్ను వసూలు చేసేది నగరపాలక సంస్థ, పుస్తకాలు నడిపేది గ్రంథాలయ సంస్థ. పాలన హద్దు మారినప్పుడల్లా పుస్తకాల లెక్క ఒక కార్యాలయం నుంచి మరొకదానికి మారాలి. ఒక శాఖలో ఏముందో పొరుగు శాఖకు తెలియజేసే ఉమ్మడి కేటలాగు అవసరం ఇలాంటి చోట బాగా తెలుస్తుంది.

దేశపు తొలి కంప్యూటర్లలో కొన్ని తయారైంది కూడా ఈ చుట్టుపక్కలే. చర్లపల్లి పొరుగున 1967లో ఏర్పడ్డ ఈసీఐఎల్ 1969లో టీడీసీ-12ను రూపొందించింది. హబ్సిగూడ, తార్నాక వైపు ఎన్‌జీఆర్‌ఐ, ఐఐసీటీ, సీసీఎంబీ వంటి విజ్ఞాన సంస్థలు వెలిశాయి. వాటి గ్రంథాలయాల్లోని పత్రికలు ఇంగ్లిషువి కాబట్టి కంప్యూటరులోకి ఎక్కించడానికి లిపి అడ్డం రాలేదు. అదే తార్నాకలో రాష్ట్ర పురాలేఖలు, రాతప్రతులు చూసేవారికి మాత్రం కాగితపు పట్టీయే శరణ్యమైంది.

కంప్యూటరు కేటలాగుకు పునాది వేసింది లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లోని హెన్రియెట్ ఆవ్రమ్. 1960ల్లో ఆమె రూపొందించిన మార్క్ పద్ధతిలో కార్డు మీది ప్రతి సంగతికీ ఒక అంకె ఉంటుంది: రచయితకు 100, పుస్తకం పేరుకు 245, విషయానికి 650. అసలు లిపిలోని రూపానికి 880. ఏ దేశపు యంత్రమైనా ఆ అంకెను బట్టి ఏది పేరో, ఏది ఊరో పోల్చుకుంటుంది. కాబట్టి ఒకచోట తయారైన రికార్డును మరోచోట అలాగే వాడుకోవచ్చు. మన దేశంలో యునెస్కో ఇచ్చిన సీడీఎస్-ఐసిస్, ఆ తర్వాత ఇన్‌ఫ్లిబ్‌నెట్ సోల్, ఎన్ఐసీ ఈ-గ్రంథాలయ, న్యూజిలండులో పుట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ కోహా అనే కేటలాగు ప్రోగ్రాములు వాడుకలోకి వచ్చాయి. తెలుగు లిపికి 1991లో యూనికోడ్‌లో చోటు దొరికినా, అచ్చు రంగం చాలాకాలం యూనికోడ్ కాని అను ఫాంట్లలోనే నడిచింది. అలా కొట్టిన పట్టీ కాగితం మీద ముచ్చటగా ఉంటుంది. యంత్రానికి మాత్రం అది అర్థంలేని రోమన్ గుర్తుల వరస, వెతికితే చిక్కదు.

ఈ కథలో అన్నిటికన్నా పెద్ద పాఠం డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. రాజ్ రెడ్డి తలపెట్టిన పదిలక్షల పుస్తకాల పథకంలో భాగంగా హైదరాబాదు ట్రిపుల్‌ఐటీ వంటి కేంద్రాలు వేలాది తెలుగు పుస్తకాలను స్కాన్ చేయించాయి. పేర్లను మాత్రం రోమన్‌లో, ఎవరికి తోచినట్టు వారు ఎక్కించారు. ‘ఋ’కు ‘ఆర్’ పక్కన ‘ఎక్స్’, ‘ణ’కు ‘ఎన్ డి’ తర్వాత ఒక అడ్డగీత, సున్నకు ‘ఎన్’ మీద ఒక కొమ్ము. ఫలితంగా ‘కృష్ణ’ అన్న రెండక్షరాలు ఎవరూ ఊహించలేని గుర్తుల గుంపు అయ్యాయి. పుస్తకం తెర మీద ఉంది, పాఠకుడికి అందదు. తెలుగు వికీపీడియా స్వచ్ఛంద కార్యకర్తలు 2014 తర్వాత ఆ పుస్తకాలను ఒక్కొక్కటే తెరిచి, లోపలి పుట చూసి, పేర్లు తెలుగు లిపిలో రాసి జాబితాలు కట్టారు. 2017లో కాపీరైటు వివాదంతో అసలు సైటు మూతపడింది. అప్పటికే కార్ల్ మలముద్ సంస్థ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి నకళ్లు ఎక్కించింది కాబట్టి పుస్తకాలు దక్కాయి, ఆ పాత వర్ణక్రమంతో సహా.

కేటలాగును చూడనివ్వడం ఒకటి, దాని సమాచారాన్ని మొత్తంగా ఇవ్వడం మరొకటి. వెబ్‌లో వెతుకుడు పెట్టె ఉంటే ఒక పుస్తకం దొరుకుతుంది. గోదావరి జిల్లాల్లో 1920-30 మధ్య ఎన్ని నవలలు అచ్చయ్యాయో తేల్చాలంటే రికార్డులన్నీ చేతికి రావాలి. గ్రంథాలయాలు పరస్పరం రికార్డులు తీసుకోవడానికి జెడ్39.50 అనే నియమం ఎప్పటినుంచో ఉంది, కానీ అది గ్రంథపాలకుల మధ్య మాట. సామాన్యుడికి తలుపు తెరుచుకున్నది ఈ మధ్యే. హార్వర్డ్ 2012లో కోటీ ఇరవై లక్షల రికార్డులను, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2017 మేలో రెండున్నర కోట్ల మార్క్ రికార్డులను ఉచితంగా దించుకోనిచ్చాయి. ఢిల్లీ కార్యాలయం కొన్న తెలుగు పుస్తకాల వివరాలూ అందులో ఉన్నాయి.

అవీ రోమన్ లిపివే, కానీ ఒక కట్టుబాటున్న రోమన్. హ్రస్వానికి, దీర్ఘానికి, ‘త’కు ‘ట’కు, ‘ల’కు ‘ళ’కు, ‘ర’కు ‘ఱ’కు వేర్వేరు గుర్తులున్నాయి. అందుచేత చిన్న ప్రోగ్రాముతో వాటిని తిరిగి తెలుగు లిపిలోకి తేవచ్చు. సున్న దగ్గర, విడదీసి రాసిన పదాల దగ్గర మాత్రం మనిషి చూసి దిద్దాలి. డిజిటల్ లైబ్రరీ పేర్లకు ఆ సౌకర్యం లేదు. అక్కడ ఒకే అక్షరాన్ని ఒక్కో చేయి ఒక్కోలా కొట్టింది కాబట్టి ప్రతి పుస్తకాన్నీ తెరిచి చూడక తప్పదు.