తిరుపతి పెళ్లి, అమెరికా డిక్రీ: విదేశీ విడాకుల్లో భరణం, ఆస్తుల లెక్క ఎక్కడ తేలుతుంది?

1975 ఫిబ్రవరిలో తిరుపతిలో హిందూ సంప్రదాయం ప్రకారం ఒక పెళ్లి జరిగింది. మూడేళ్లకే దంపతులు విడిపోయారు. భర్త ముందు తిరుపతి సబ్ కోర్టులో విడాకులకు దరఖాస్తు చేశారు. తర్వాత అమెరికాలోని మిస్సోరి రాష్ట్రం, సెయింట్ లూయిస్ కౌంటీ సర్క్యూట్ కోర్టుకు వెళ్లారు. భార్య ఇక్కడి నుంచే తన అభ్యంతరాన్ని రాసి పంపారు. ఆమె హాజరు కాకుండానే 1980 ఫిబ్రవరిలో అక్కడ విడాకులు మంజూరయ్యాయి. 1981 నవంబరులో భర్త యాదగిరిగుట్టలో రెండో పెళ్లి చేసుకున్నారు. మొదటి భార్య ద్విభార్యత్వం కేసు పెట్టారు.

వై. నరసింహారావు వర్సెస్ వై. వెంకటలక్ష్మిగా న్యాయశాస్త్ర పుస్తకాలకెక్కిన ఈ కేసులో సుప్రీంకోర్టు 1991 జూలై 9న తీర్పు చెప్పింది. మిస్సోరి డిక్రీ భారత్‌లో చెల్లదని, క్రిమినల్ కేసు కొనసాగాలని ఆదేశించింది. విదేశాల్లో తీసుకున్న విడాకులు ఇక్కడ చెల్లుతాయా అన్న ప్రశ్నకు నేటికీ కోర్టులు మొదట చూసేది ఈ తీర్పునే.

1991 తీర్పు ఏం చెప్పింది?

విదేశీ తీర్పులు ఎప్పుడు చెల్లవో సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని సెక్షన్ 13 చెబుతుంది. అధికార పరిధి లేని కోర్టు ఇచ్చినవి, కేసు లోతుల్లోకి వెళ్లకుండా ఇచ్చినవి, సహజ న్యాయానికి విరుద్ధమైనవి, మోసంతో పొందినవి అందులో కొన్ని. ఈ సెక్షన్‌ను వైవాహిక వివాదాలకు ఎలా వర్తింపజేయాలో జస్టిస్ పి.బి. సావంత్ రాసిన తీర్పు స్పష్టం చేసింది.

దంపతులు ఏ చట్టం కింద పెళ్లి చేసుకున్నారో, ఆ చట్టం గుర్తించే కోర్టు, ఆ చట్టంలో ఉన్న కారణాలపైనే విడాకులు ఇవ్వాలన్నది మూలసూత్రం. దీనికి మూడు మినహాయింపులు ఉన్నాయి. మొదటిది, ప్రతివాది శాశ్వతంగా నివసించే చోటే కేసు వేసి, మన చట్టంలో ఉన్న కారణంపైనే విడాకులు పొందడం. రెండోది, ప్రతివాది స్వచ్ఛందంగా ఆ కోర్టు పరిధికి లోబడి, మన చట్టంలో ఉన్న కారణంపై జరిగిన కేసులో నిజంగా వాదించడం. మూడోది, విడాకులకు ప్రతివాది సమ్మతించడం.

మిస్సోరి డిక్రీ వీటిలో దేనికిందికీ రాలేదు. కేసు వేయడానికి అక్కడి చట్టం 90 రోజుల నివాసంతో సరిపెట్టుకుంటుంది. పెళ్లి బంధం ‘కోలుకోలేనంతగా తెగిపోయింది’ అన్న కారణంపై అక్కడ విడాకులు ఇచ్చారు. హిందూ వివాహ చట్టంలో ఆ కారణమే లేదు.

డబ్బుకు సంబంధించి మరో ముఖ్యమైన మాట కూడా ఈ తీర్పులో ఉంది. ప్రతివాదికి సమన్లు అందితే సరిపోదు. అంత దూరం వెళ్లి వాదించుకునే స్తోమత కూడా ఉండాలి. అవసరమైతే ప్రయాణం, బస, న్యాయవాది ఖర్చులను కేసు వేసిన వ్యక్తే భరించేలా విదేశీ కోర్టు చూడాలని సుప్రీంకోర్టు పేర్కొంది.

ఆస్తి పంపకం: దేశానికో లెక్క

విడాకులు చెల్లుతాయా లేదా అన్నది ఒక ప్రశ్న. డబ్బు ఎవరికి ఎంత అన్నది వేరే ప్రశ్న. ఏ దేశంలో కేసు నడిచిందన్న దాన్నిబట్టి రెండో ప్రశ్నకు జవాబు పూర్తిగా మారిపోతుంది.

భారత్‌లో చాలావరకు పెళ్లి తర్వాత సంపాదించిన ఆస్తిలో సగం భార్యదనో, భర్తదనో చెప్పే చట్టం లేదు. హిందూ వివాహ చట్టంలోని సెక్షన్ 24 కింద మధ్యంతర భరణం, సెక్షన్ 25 కింద శాశ్వత భరణం కోరవచ్చు. స్త్రీధనం పూర్తిగా భార్య సొంతమని సుప్రీంకోర్టు 1985లోనే తేల్చింది. ఇల్లు భర్త పేరుతో ఉంటే, వాయిదాల్లో తన జీతం కూడా ఉందని భార్య విడిగా రుజువు చేసుకోవాల్సి వస్తుంది.

తెలుగువారు ఎక్కువగా ఉండే కాలిఫోర్నియా, టెక్సాస్, వాషింగ్టన్ రాష్ట్రాల్లో పరిస్థితి వేరు. ఇవి ‘కమ్యూనిటీ ప్రాపర్టీ’ రాష్ట్రాలు. పెళ్లయ్యాక వచ్చిన సంపాదన ఎవరి పేరు మీద ఉన్నా ఇద్దరిదీ. కాలిఫోర్నియా సమానంగా పంచుతుంది. టెక్సాస్‌లో న్యాయమూర్తి తనకు న్యాయమనిపించిన రీతిలో పంచుతారు. 401(కె) పదవీ విరమణ నిధి, కంపెనీ షేర్లు కూడా లెక్కలోకి వస్తాయి.

అమెరికాలోనే మరో సూత్రం ఉంది. తన పరిధిలో లేని జీవిత భాగస్వామి నుంచి కోర్టు విడాకులు ఇవ్వగలదు కానీ, ఆమెకు ఉన్న భరణం హక్కును మాత్రం తీసేయలేదు. 1957లో వాండర్‌బిల్ట్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఈ మాట చెప్పింది. గ్రీన్‌కార్డు కోసం జీవిత భాగస్వామికి ఐ-864 పత్రంపై హామీ సంతకం చేసిన వ్యక్తి బాధ్యత విడాకులతో తీరిపోదు. హెచ్-4 వీసా మీద వెళ్లినవారికి ఆ రక్షణ లేదు. పైగా విడాకులతో వారి వీసా హోదాయే పోతుంది.

లండన్‌కు ఎందుకు వెళతారు?

బారిస్టర్ అనగానే తెలుగువారికి గుర్తొచ్చే పేరు టంగుటూరి ప్రకాశం. భారత్‌లో 1961 అడ్వొకేట్స్ చట్టం తర్వాత న్యాయవాదులందరూ ఒకే వర్గం అయ్యారు. ఇంగ్లండ్‌లో మాత్రం కేసు సిద్ధం చేసే సొలిసిటర్, కోర్టులో వాదించే బారిస్టర్ అనే విభజన ఇంకా ఉంది. అంతర్జాతీయ విడాకుల ఆర్థిక వివాదాలే వృత్తిగా పెట్టుకున్న బారిస్టర్లు అక్కడ ఉన్నారు. ఏ దేశంలో ముందు కేసు వేయాలి, దాచిన ఆస్తిని ఎలా బయటకు లాగాలి, ఒక దేశపు ఆదేశాన్ని మరో దేశంలో ఎలా అమలు చేయించాలి అన్నవే వారి పని.

2000లో వైట్ కేసు తర్వాత అక్కడి కోర్టులు పంపకంలో సమానత్వాన్ని కొలమానంగా తీసుకుంటున్నాయి. 1984 చట్టంలోని మూడో భాగం ఇంకో దారి తెరిచింది. వేరే దేశంలో విడాకులు అయిపోయినా, ఇంగ్లండ్‌తో తగిన సంబంధం ఉంటే, కోర్టు అనుమతితో అక్కడ ఆర్థిక వాటా కోరవచ్చు. నైజీరియాలో విడాకులైన అగ్బాజే దంపతుల కేసులో, భార్యకు అనుకూలంగా వచ్చిన ఉత్తర్వును బ్రిటన్ సుప్రీంకోర్టు 2010లో నిలబెట్టింది.

డిక్రీ చేతిలో ఉన్నా డబ్బు చేతికి రావాలి

బ్రిటన్, సింగపూర్ వంటి దేశాలను భారత్ సెక్షన్ 44ఎ కింద గుర్తించింది. 2020 జనవరిలో యూఏఈ కూడా చేరింది. ఆ దేశాల నిర్దిష్ట కోర్టులిచ్చిన డబ్బు డిక్రీలను ఇక్కడి జిల్లా కోర్టులో నేరుగా అమలుకు పెట్టవచ్చు. సెక్షన్ 13 అభ్యంతరాలను అవతలి పక్షం అప్పుడూ లేవనెత్తవచ్చు. అమెరికా ఆ జాబితాలో లేదు. అక్కడి డిక్రీ ఆధారంగా ఇక్కడ మూడేళ్లలోపు కొత్తగా దావా వేయాలి. ఇక్కడి భూమి, ఇంటి హక్కులను విదేశీ కోర్టు నేరుగా తేల్చలేదు.

సమస్య కొత్తది కాదు. విదేశాల్లో ఉన్న ఆస్తి నుంచి కూడా భార్యకు భరణం అందేలా చట్టం చేయాలని సుప్రీంకోర్టు 1994లో నీరజా సరాఫ్ కేసులో సూచించింది. ప్రవాస భారతీయుల వివాహాలపై సమగ్ర చట్టం కావాలని లా కమిషన్ 2024 ఫిబ్రవరిలో 287వ నివేదికలో సిఫారసు చేసింది.

ఒప్పందం కుదిరితే

2024 ఆగస్టులో సుప్రీంకోర్టు ముందుకు మరో తెలుగు కుటుంబం వచ్చింది. 1999లో పెళ్లి చేసుకుని అమెరికా వెళ్లిన దంపతులు అక్కడే, అదీ మిస్సోరిలోనే, ఒప్పందంతో విడిపోయారు. కొన్నేళ్ల తర్వాత 2021లో, పెళ్లికి ఇచ్చిన 40 కాసుల బంగారం తిరిగి ఇవ్వలేదంటూ అమ్మాయి తండ్రి తెలంగాణలో మాజీ వియ్యంకులపై కేసు పెట్టారు. కోర్టు దాన్ని కొట్టేసింది. స్త్రీధనం కూతురిది, ఆమె అధికారం ఇవ్వకుండా తండ్రి అడగలేరు, పైగా విడాకుల ఒప్పందంలో వస్తువుల లెక్క అప్పుడే తేలిపోయింది అన్నది సారాంశం. కాబట్టి ఒప్పందంలో బంగారం గురించి రాసే ఒక్క వాక్యానికి కూడా తర్వాత విలువ ఉంటుంది.

సమన్లు వస్తే?

ఇక్కడే అసలు చిక్కు. విదేశీ కోర్టులో ఆస్తి వాటా కోసం పూర్తిగా వాదిస్తే, ఆ కోర్టు పరిధిని ఒప్పుకున్నట్లు అవుతుంది. ఏమీ మాట్లాడకుండా ఉంటే అక్కడి ఆస్తి లెక్క ఒకవైపే నడుస్తుంది. పరిధిని మాత్రమే సవాలు చేస్తూ హాజరయ్యే వీలు చాలాచోట్ల ఉంది. తిరుపతి మహిళ నిరసన తెలుపుతూ పంపిన జవాబు, ఆమె ఆ కోర్టుకు లోబడలేదని తర్వాత చెప్పుకోవడానికి ఆధారమైంది. ఏ దారి మేలన్నది ఆస్తి ఎక్కువగా ఎక్కడుందన్న దానిపై ఆధారపడుతుంది. అందుకే రెండు దేశాల న్యాయవాదులతోనూ మాట్లాడాకే జవాబు పంపాలి.

2020 నవంబరులో రజనీష్ వర్సెస్ నేహా తీర్పు తర్వాత, భరణం కేసుల్లో ఇరుపక్షాలూ ఆస్తులు, అప్పుల అఫిడవిట్ ఇవ్వాల్సిందే. జీతం పత్రాలు, పన్ను రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఇంటి రుణం కాగితాలు, బంగారం రసీదులు అందులో పనికొస్తాయి. వీటి నకళ్లు కాపురం సజావుగా ఉన్నప్పుడు సులువుగా దొరుకుతాయి. ఉమ్మడి ఖాతా పాస్‌వర్డ్ మారాక దొరకడం కష్టం.