చేపకి శుక్లాలా? దొంగ మేతలోనే ఉంది

చేపల పులుసులో తలకాయ మీ వాటాకి వస్తే, కంట్లో తెల్ల గోలీ లాంటిది తగులుతుంది కదా? అది ఉడికిన కటకం. బతికున్న చేపలో అది అద్దంలా ఉండాలి. బతికుండగానే తెల్లబడితే శుక్లం, మన తాతలకి వచ్చేదే.

1978లో ఒగినో, యాంగ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు రెయిన్‌బో ట్రౌట్ చేపలకి జింక్ బాగా తక్కువున్న మేత పెట్టి చూశారు. ఎదుగుదల తగ్గింది, రెక్కలు చివికాయి, కళ్లు తెల్లబడ్డాయి. కిలో మేతకి 15 నుంచి 30 మిల్లీగ్రాముల జింక్ చాలని తేల్చారు. చిటికెడు కూడా కాదు!

కథ అక్కడే అయిపోవాలి. కానీ అమెరికాలో అంతకంటే ఎక్కువ జింక్ ఉన్న మేత తిన్న ట్రౌట్‌కీ శుక్లాలు వచ్చాయి. 1979లో కెటోలా అనే ఆయన ఇంకాస్త జింక్ కలిపి పెడితే రాలేదు. నాకు బాగా నచ్చిన భాగం ఇదే. ఆ మేతలో వాడిన చేపల పొడిలో ఎముకలెక్కువ. ఎముకల్లోని కాల్షియం, ఫాస్ఫరస్ పేగులో జింక్‌ని పట్టేసి ఒంటికి అందనివ్వవు. కోడ్ రాసేవాళ్లకి వెంటనే అర్థమవుతుంది: డేటా ఉంది, యాక్సెస్ లేదు.

మన వరంగల్ వైపు పాకాల, రామప్ప, లక్నవరం లాంటి కాకతీయుల చెరువుల్లో చేప నాచు, పురుగులు తినే పెరిగింది. ఖనిజాల లెక్క ఎవరూ వేయలేదు, అవసరం రాలేదు. కొల్లేరు చుట్టూ చెరువులు తవ్వి శీలావతి (మనం రవ్వ అంటాం), బొచ్చె పెంచడం మొదలయ్యాక మేత మనిషి చేతికొచ్చింది. సంచులకి కన్నాలు పెట్టి, తవుడు, చెక్క నింపి నీళ్లలో వేలాడదీస్తారు. చేపలొచ్చి పొడుచుకు తింటాయి. తవుడులో ఫైటేట్ ఉంటుంది. అదీ జింక్‌ని పట్టేసే బాపతే. చెరువులో సహజంగా దొరికే తిండి కొంత కాపాడుతుంది. వలపంజరంలో కిక్కిరిసి పెంచే చేపకి ఆ అవకాశం తక్కువ, సంచిలో ఏముంటే అదే.

అలాగని తెల్ల కన్ను చూడగానే జింక్ అనేయకండి. కంట్లో చేరే పురుగు వల్లా వస్తుంది. 1990లలో మ్యాడ్ కౌ భయంతో మేతలో రక్తపు పొడి ఆపేశాక నార్వే సాల్మన్‌లో శుక్లాలు పెరిగాయి. అక్కడ తక్కువైంది హిస్టిడిన్ అనే అమైనో ఆసిడ్, ఖనిజం కానే కాదు. కారణం తెలీకుండా చెరువులో మందు పోస్తే రైతు డబ్బు నీళ్లపాలే. ఈలోపు గుడ్డి చేప మేత కనపడక చిక్కిపోతుంది.

మార్కెట్లో తేడా ఇలా పట్టొచ్చు: చచ్చి చాలాసేపైతే కంటి పైపొర మసకబారి, కన్ను గుంటపడుతుంది. శుక్లమైతే పైపొర తేటగానే ఉండి, నల్లగుడ్డు మధ్యలో తెల్లగా కనిపిస్తుంది.