మందు కలిపే చేతులు: పత్తి చేలలో విషప్రభావాన్ని ఎక్కడ కొలవాలి?

పురుగుమందుల విషప్రభావంపై తెలుగు నేలకు సంబంధించిన ఆధారాల్లో ముందుగా చెప్పుకోవలసింది వరంగల్ మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రి రికార్డుల విశ్లేషణ. 1997 నుంచి 2002 వరకు పురుగుమందు విషంతో అక్కడ చేరిన 8,000 మందికి పైగా రోగుల వివరాలతో అది 2005లో వెలువడింది. చేరినవారిలో ఐదో వంతుకు మించి చనిపోయారు. అయితే ఆ రోగుల్లో అత్యధికులు మందు తాగి వచ్చినవారు. అందుకే మన దగ్గర పురుగుమందు, ఆరోగ్యం అనగానే చర్చ ఆత్మహత్యల వైపు మళ్లుతుంది. మందు కొట్టి, తల తిరిగి, చేను గట్టున కూలబడి, మజ్జిగ తాగి ఇల్లు చేరినవాళ్లు ఏ రికార్డుకూ ఎక్కరు.

అదే ఏడాది ఫ్రాన్సెస్కా మాన్సినీ బృందం ప్రచురించిన అధ్యయనం మరో దారి తొక్కింది. మన దేశంలోని మూడు గ్రామాల్లో 50 మంది మహిళా పత్తి రైతులు, మందు తగిలాక తమకూ తమ ఇంటి మగవారు 47 మందికీ కలిగిన ఇబ్బందులను పంట కాలమంతా నమోదు చేశారు. మొత్తం 323 సందర్భాలు. వాటిలో 83.6 శాతం స్వల్పం నుంచి తీవ్రం దాకా విష లక్షణాలున్నవే. 6 శాతం సందర్భాల్లో నాడీ లక్షణాలు అత్యంత తీవ్రంగా కనిపించాయి. అయినా ఒక్కరూ వైద్యం కోసం వెళ్లలేదు. భూస్వాముల కంటే చిన్న కమతాల పేద రైతులే ఎక్కువసార్లు తీవ్రంగా దెబ్బతిన్నారు.

ఇవన్నీ రైతులే చెప్పిన లక్షణాలు కదా, తలనొప్పి ఎండకైనా రావచ్చు కదా అనవచ్చు. సబబైన అభ్యంతరమే. కానీ ఆర్గానోఫాస్ఫరస్ తరగతి పురుగుమందుల విషానికి విలక్షణమైన లక్షణాలు మూడు, అంతకు మించి ఒకేసారి కనిపించిన సందర్భాలు 10 శాతం. వాటన్నిటినీ ఎండ ఖాతాలో వేయడం కష్టం.

ఆ అధ్యయనంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచింది వేరే అంశం. మందు కలపడం, పంపు నింపడం ఎక్కువగా ఆడవాళ్ల పని. అది మందు కొట్టడంతో సమానంగా ప్రమాదకరమని అందులో తేలింది. ఎందుకో చిన్న లెక్క చెబుతుంది. పత్తిలో దశాబ్దాలపాటు వాడిన 36 శాతం మోనోక్రోటోఫాస్‌ను లీటరు నీటికి 1.6 మిల్లీలీటర్ల చొప్పున కలపమనేవారు. అంటే సీసాలోని మందు పంపులోని ద్రావణం కంటే 600 రెట్లకు పైగా చిక్కన. మూత తీసేటప్పుడు వేలి మీద పడిన ఒక్క చుక్కలో, పంపులోని దాదాపు 30 మిల్లీలీటర్ల ద్రావణంలో ఉన్నంత విషం ఉంటుంది.

చర్మం కూడా ఒంటినిండా ఒకేలా పీల్చుకోదు. మైబాక్ బృందం 1971లో ప్రచురించిన ప్రయోగంలో పారాథియాన్ అనే పురుగుమందు ముంజేతి నుంచి 8.6 శాతం లోపలికి వెళ్తే, నుదుటి నుంచి 36 శాతం, చంక నుంచి 64 శాతం వెళ్లింది. వృషణాల తిత్తి నుంచైతే దాదాపు పూర్తిగా వెళ్లింది. కారే పంపు మగవాడి నడుమునూ తొడలనూ తడుపుతుంది. మందు చేతులు తుడుచుకున్న చెంగుతోనే ఆడమనిషి నుదుటి చెమటా తుడుచుకుంటుంది. ముక్కుకు గుడ్డ కట్టుకుంటే చాలుననే ధీమా ఈ దారుల్ని పట్టించుకోదు.

లోపలికి చేరిన మోనోక్రోటోఫాస్, పారాథియాన్ లాంటి ఆర్గానోఫాస్ఫరస్ మందు ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమును పనిచేయనివ్వదు. నాడుల చివర ఎసిటైల్‌కోలిన్ పేరుకుంటుంది. చొంగ, చెమట, వాంతులు, కంటిపాప కుంచించుకుపోవడం, కండరాల అదురు, చివరకు ఊపిరి అందకపోవడం, అన్నిటికీ మూలం అదే. ఎర్ర రక్తకణాల్లోని ఈ ఎంజైము తిరిగి పుంజుకునేది రోజుకు సుమారు 1 శాతం మాత్రమే. పది రోజులకోసారి మందు కొట్టే పత్తిలో మొదటి లోటు తీరకముందే రెండోది వచ్చి పడుతుంది.

ఆదిలాబాద్‌ను ఆనుకుని ఉన్న మహారాష్ట్ర యవత్మాల్ జిల్లాలో 2017 వానాకాలం పంటలో 20 మందికి పైగా చనిపోయారు, వందల మంది ఆసుపత్రి పాలయ్యారు. ఆ ఏడాది చేలు మనిషెత్తు దాటాయి. పంపు గన్ను తలకంటే పైకెత్తి కొట్టాల్సి రావడంతో తుంపర మీదే పడింది. రెండు మూడు మందులు కలిపి కొట్టడమూ ఉంది. ఆ రాష్ట్ర ప్రభుత్వం మోనోక్రోటోఫాస్ సహా ఐదు మందులను తాత్కాలికంగా నిషేధించింది. మరణాలు ఒకే జిల్లాలో, ఒకే సీజనులో గుమిగూడకపోయి ఉంటే ఇంత అలజడి రేగేదా అన్నది నా సందేహం.

1971 నాటి క్రిమిసంహారక నియమావళి పిచికారీ చేసేవారికీ వైద్య పరీక్షలు, ఆర్గానోఫాస్ఫరస్ మందులతో పనిచేసేవారికి కోలినెస్టరేజ్ పరీక్షలు ఉండాలని చెబుతుంది. కానీ ఆ నియమం ఒక యజమానినీ ఒక ఉద్యోగినీ ఊహించుకుని రాసింది. మొగుడి చేలోనో, కౌలు రైతు చేలో దినకూలికో మందు కలిపే మనిషిని పరీక్షకు పంపాల్సింది ఎవరు?

ఇంకో చిక్కూ ఉంది. కోలినెస్టరేజ్ ఎంజైము స్థాయి మనిషికీ మనిషికీ చాలా తేడా. ముందటి కొలత లేకుండా ఒక్కసారి చూస్తే, మూడో వంతు పడిపోయిన మనిషి కూడా సాధారణ పరిధిలోనే కనిపించవచ్చు. కాలిఫోర్నియాలో 1970ల నుంచే ముందటి కొలతతో పోల్చే పద్ధతి ఉంది. ఎర్ర రక్తకణాల ఎంజైము 70 శాతానికి దిగితే ఆ పని మాన్పిస్తారు, 80 శాతానికి చేరాకే తిరిగి రానిస్తారు. మన పత్తి మండలాల్లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం విత్తే ముందొకసారి, మందుల జోరు మధ్యలో ఒకసారి వేలి కొన రక్తం తీసినా ఈ పోలిక సాధ్యమే. ఆ జాబితాలో పంపు మోసేవారితో పాటు పంపు నింపేవారి పేర్లూ మొదటి రోజే రాయాలి.