పుల్లెల గోపీచంద్: శిక్షకుడిగా ప్రస్థానం

పుల్లెల గోపీచంద్ (జననం: 1973 నవంబర్ 16) భారత బ్యాడ్మింటన్ మాజీ క్రీడాకారుడు, శిక్షకుడు. 2001లో ఆల్ ఇంగ్లండ్ పురుషుల సింగిల్స్ విజేత. 2006 నుంచి భారత జట్టు ప్రధాన శిక్షకుడు. హైదరాబాద్ గచ్చిబౌలిలో ఆయన నెలకొల్పిన అకాడమీలో తయారైన సైనా నెహ్వాల్, పి.వి. సింధు ఒలింపిక్ పతకాలు గెలుచుకోగా, కిదాంబి శ్రీకాంత్ ప్రపంచ నంబర్ వన్ స్థానానికి చేరాడు. క్రీడాకారుడిగా ఆయన సాధించింది పెద్ద విజయమే. శిక్షకుడిగా సాధించింది అంతకంటే పెద్దది.

పుట్టిన నేల

గోపీచంద్ స్వగ్రామం నాగండ్ల. అప్పట్లో ప్రకాశం జిల్లాలో, ఇంకొల్లు దగ్గర ఉండే ఈ ఊరు 2022 జిల్లాల పునర్విభజన తర్వాత బాపట్ల జిల్లాలోకి వచ్చింది. గుంటూరు, ఒంగోలు మధ్య పరుచుకున్న నల్లరేగడి మైదానం ఇది. పత్తి, మిరప, పొగాకు, శనగ ఇక్కడి ప్రధాన పంటలు. గోపీచంద్ పుట్టింది ఇక్కడైనా చదువూ ఆటా హైదరాబాద్‌లోనే సాగాయి. చిన్నప్పుడు క్రికెట్ మీద మోజు ఉన్నా అన్నతో పాటు బ్యాడ్మింటన్‌లోకి వచ్చారు. అన్న ఐఐటీకి వెళ్లడంతో ఆట వదిలేశారు. ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్షలో నెగ్గని తమ్ముడు ఆటలోనే ఉండిపోయారు.

క్రీడాకారుడిగా

హమీద్ హుస్సేన్, ఎస్.ఎం. ఆరిఫ్, ప్రకాశ్ పదుకోన్, గంగూలీ ప్రసాద్ ఆయనకు శిక్షణ ఇచ్చారు. 1994లో ఒక డబుల్స్ మ్యాచ్‌లో మోకాలి లిగమెంట్ తెగింది. శస్త్రచికిత్సలు జరిగాయి. మళ్లీ ఆడగలరా అన్న అనుమానాల మధ్య కోలుకుని, 1996 నుంచి 2000 వరకు వరుసగా అయిదుసార్లు జాతీయ విజేతగా నిలిచారు. 1998 కౌలాలంపూర్ కామన్వెల్త్ క్రీడల్లో సింగిల్స్ కాంస్యం గెలిచారు.

2001 మార్చిలో బర్మింగ్‌హామ్‌లో ఆల్ ఇంగ్లండ్ సెమీఫైనల్లో డెన్మార్క్ ఆటగాడు పీటర్ గేడ్‌ను, ఫైనల్లో చైనాకు చెందిన చెన్ హాంగ్‌ను (15-12, 15-6) ఓడించారు. 1980లో ప్రకాశ్ పదుకోన్ తర్వాత ఆ టైటిల్ గెలిచిన భారతీయుడు ఆయనే. ఆ విజయం తర్వాత వచ్చిన శీతల పానీయాల ప్రకటనను కాదన్నారు. తాను తాగని పానీయాన్ని పిల్లలను తాగమని చెప్పనన్న ఆ నిర్ణయం దేశమంతా చర్చకు వచ్చింది. తర్వాతి ఏళ్లలో గాయాలు తిరగబెట్టడంతో ఆట నుంచి శిక్షణ వైపు మళ్లారు.

అకాడమీ

2002 జాతీయ క్రీడలకు, 2003 ఆఫ్రో-ఏషియన్ క్రీడలకు హైదరాబాద్ ఆతిథ్యమివ్వడంతో గచ్చిబౌలిలో స్టేడియంలు వెలిశాయి. 2003లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గచ్చిబౌలిలోనే గోపీచంద్‌కు 45 ఏళ్ల లీజు మీద అయిదు ఎకరాలు కేటాయించింది. స్థలం వచ్చినా కట్టడానికి డబ్బు లేదు. గోపీచంద్ సొంత ఇల్లు తాకట్టు పెట్టారు. పారిశ్రామికవేత్త నిమ్మగడ్డ ప్రసాద్ అయిదు కోట్ల రూపాయలు ఇచ్చారు. బ్యాడ్మింటన్‌లో భారత్‌కు ఒలింపిక్ పతకం రావాలన్నదే ఆయన కోరిక. ఎనిమిది కోర్టులతో అకాడమీ 2008లో ప్రారంభమైంది. భవనం సిద్ధమయ్యేలోగా శిక్షణ ఆగలేదు. పక్కనున్న స్టేడియంలో చిన్న పిల్లలతో అది అప్పటికే మొదలైంది.

2006లో ఆయన జాతీయ ప్రధాన శిక్షకుడయ్యారు. ఆ ఏడాదే పాయింట్ల విధానమూ మారింది. అంతకుముందు సర్వీస్ చేసే వారికే పాయింటు వచ్చేది. కొత్త పద్ధతిలో ప్రతి ర్యాలీకీ పాయింటు, గేమ్‌కు 21 పాయింట్లు. నెమ్మదిగా మొదలుపెట్టి తర్వాత పుంజుకుందామనే ఆటకు కాలం చెల్లింది. మొదటి పాయింటు నుంచే దాడి, చివరిదాకా తగ్గని దమ్ము తప్పనిసరి అయ్యాయి. గోపీచంద్ శిక్షణ ఈ రెండింటి చుట్టూ నడిచింది.

శిక్షణ పద్ధతి

అకాడమీలో తొలి బృందం తెల్లవారుజామున నాలుగున్నరకే కోర్టులో ఉంటుంది. చాలా ఏళ్లు గోపీచంద్ స్వయంగా రాకెట్ పట్టి ఒక్కొక్కరితో ఆడారు. దెబ్బతిన్న మోకాలితోనే గంటల తరబడి షటిల్స్ అందిస్తూ, ఆటగాళ్ల అడుగుల్లో లోపాలను అక్కడికక్కడే దిద్దేవారు. నిద్ర, తిండి, ఫోను కూడా ఆయన దృష్టిలో శిక్షణలో భాగమే. 2016 రియో ఒలింపిక్స్‌కు ముందు మూడు నెలలు సింధు చేతికి ఫోను ఇవ్వలేదు, ఐస్‌క్రీమ్ మాన్పించారు. నెమ్మదస్తురాలైన ఆమెను అకాడమీలో అందరి ఎదుటా గట్టిగా అరవమన్నారు. గెలవాలన్న కసి గొంతులోనూ వినిపించాలన్నది ఆయన ఉద్దేశం. శిష్యురాలికి చెప్పిన ఆహార నియమాలను తానూ పాటించారు.

సైనా, సింధు

సైనా 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో క్వార్టర్‌ఫైనల్ చేరింది. 2009లో ఇండోనేసియా ఓపెన్ గెలిచి, సూపర్ సిరీస్ టైటిల్ సాధించిన తొలి భారతీయురాలైంది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఆమెకు వచ్చిన కాంస్యం బ్యాడ్మింటన్‌లో భారత్‌కు తొలి ఒలింపిక్ పతకం. అకాడమీ తలుపులు తెరిచిన నాలుగేళ్లకే నిమ్మగడ్డ ప్రసాద్ కోరిక తీరింది. 2014లో సైనా బెంగళూరులో శిక్షకుడు విమల్ కుమార్ దగ్గరికి మారింది. 2017లో తిరిగి గోపీచంద్ దగ్గరికే వచ్చింది.

సింధు 2013, 2014 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లలో కాంస్యాలు గెలిచింది. రియో ఫైనల్లో కరోలినా మారిన్‌తో మూడు గేములు పోరాడి రజతం అందుకుంది. 2017, 2018 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లలోనూ ఫైనల్లో ఓడింది. చివరి మెట్టు ఎక్కలేదన్న విమర్శకు 2019 ఆగస్టు 25న బాసెల్‌లో జవాబు చెప్పింది. నొజోమి ఒకుహరాను 21-7, 21-7తో ఓడించి, బ్యాడ్మింటన్‌లో ప్రపంచ ఛాంపియన్ అయిన తొలి భారతీయురాలిగా నిలిచింది. అదే పోటీల్లో గోపీచంద్ మరో శిష్యుడు సాయి ప్రణీత్ కాంస్యం గెలిచాడు. 2018 గోల్డ్ కోస్ట్ కామన్వెల్త్ క్రీడల మహిళల సింగిల్స్ ఫైనల్ సైనా, సింధుల మధ్యే జరిగింది. స్వర్ణం సైనాకు దక్కింది.

గుంటూరు నుంచి శ్రీకాంత్

గోపీచంద్ పుట్టిన మైదానం నుంచే ఆయనకు మరో గొప్ప శిష్యుడు దొరికాడు. కిదాంబి శ్రీకాంత్‌ది గుంటూరు కుటుంబం. అన్న నందగోపాల్ కూడా బ్యాడ్మింటన్ ఆటగాడే. విశాఖపట్నంలో సాధన చేసిన శ్రీకాంత్ గచ్చిబౌలి చేరేనాటికి ఎక్కువగా డబుల్స్ ఆడేవాడు. సింగిల్స్‌కు మారమన్నది గోపీచంద్. ఆ నిర్ణయం భారత పురుషుల బ్యాడ్మింటన్‌ను మలుపు తిప్పింది.

2014 జులైలో శ్రీకాంత్ మెదడువాపుతో అకాడమీలో స్పృహ తప్పి పడిపోయాడు. ఆసుపత్రిలో ఇంటెన్సివ్ కేర్‌లో ఉండాల్సి వచ్చింది. కొన్ని నెలలకే, నవంబర్ 16న చైనా ఓపెన్ ఫైనల్లో లిన్ డాన్‌ను అతని సొంత గడ్డపై 21-19, 21-17తో ఓడించాడు. ఆ రోజు గోపీచంద్ పుట్టినరోజు. 2017 సింగపూర్ ఓపెన్ పురుషుల ఫైనల్లో శ్రీకాంత్, సాయి ప్రణీత్ తలపడ్డారు. నెట్‌కు రెండు వైపులా ఒకే గురువు శిష్యులు. గెలుపు ప్రణీత్‌ది. అదే ఏడాది శ్రీకాంత్ ఇండోనేసియా, ఆస్ట్రేలియా, డెన్మార్క్, ఫ్రాన్స్ ఓపెన్ టైటిళ్లు గెలిచి, 2018 ఏప్రిల్‌లో ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు. 2021లో స్పెయిన్‌లోని హుయెల్వాలో ప్రపంచ ఛాంపియన్‌షిప్ రజతం అందుకున్నాడు.

శిక్షకుల బృందం

అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఒక్కో జట్టుకు ప్రధాన కోచ్ కింద అనేకమంది కోచ్‌లు ఉంటారు. దాడికి ఒకరు, రక్షణకు ఒకరు, ఆ రక్షణలో మళ్లీ ముందు వరస ఆటగాళ్లకు ప్రత్యేకంగా ఇంకొకరు. భారత బ్యాడ్మింటన్‌లో చాలాకాలం ఇటువంటి విభజన లేదు. సింగిల్స్, డబుల్స్, పురుషులు, మహిళలు, అందరి భారమూ ఒక్కరి మీదే పడేది. పతకాలు పెరిగేకొద్దీ ఈ పద్ధతి చాలదని తేలింది. మలేసియాకు చెందిన టాన్ కిమ్ హర్ 2015లో డబుల్స్ శిక్షకుడిగా వచ్చారు. అమలాపురం కుర్రాడు సాత్విక్‌సాయిరాజ్‌ను, ముంబయికి చెందిన చిరాగ్ శెట్టిని జోడీ చేసింది ఆయనే. 2017లో పురుషుల సింగిల్స్‌కు ఇండోనేసియా నుంచి ముల్యో హండోయో వచ్చారు. 2019లో సింధు ప్రపంచ విజేత కావడంలో కొరియా శిక్షకురాలు కిమ్ జి హ్యూన్ పాత్ర ఉంది.

2022 మే 15న బ్యాంకాక్‌లో భారత్ తొలిసారి పురుషుల జట్ల పోటీ థామస్ కప్ గెలిచింది. ఫైనల్లో ఇండోనేసియాపై 3-0 విజయం. మూడో మ్యాచ్‌లో జొనాథన్ క్రిస్టీని ఓడించి కప్పు ఖాయం చేసినవాడు గుంటూరు శ్రీకాంత్. ఆ పోటీలో జట్టు వెంట ఉన్నది విమల్ కుమార్. విజయాలు ఒకే వ్యక్తి చుట్టూ తిరిగే దశను భారత బ్యాడ్మింటన్ దాటిందనడానికి ఇదే నిదర్శనం.

విమర్శలు, అభిప్రాయాలు

జాతీయ శిక్షకుడే సొంత అకాడమీ నడపడం మీద అభ్యంతరాలు వచ్చాయి. డబుల్స్‌ను చిన్నచూపు చూశారని డబుల్స్ క్రీడాకారిణి గుత్తా జ్వాల బహిరంగంగా విమర్శించింది. డబుల్స్‌కు విదేశీ శిక్షకులు రావడానికి ముందు ఆ విమర్శలో నిజం లేకపోలేదు. 2021 టోక్యో ఒలింపిక్స్‌కు ముందు సింధు ఆయన అకాడమీని వదిలి గచ్చిబౌలి స్టేడియంలో కొరియా శిక్షకుడు పార్క్ తే సాంగ్ దగ్గర సాధన చేసి, రెండో ఒలింపిక్ పతకంగా కాంస్యం తెచ్చుకుంది.

ఆట ముగిశాక క్రీడాకారుల బతుకుతెరువు గురించి గోపీచంద్ తరచూ మాట్లాడతారు. డబ్బున్న కుటుంబాల పిల్లలు తప్ప మిగతావారు ఆటనే వృత్తిగా ఎంచుకోవద్దని 2025లో ఆయన చెప్పిన మాట పెద్ద చర్చ రేపింది. ఆటకే చదువు త్యాగం చేసిన పిల్లలకు, పతకం రాని వేలమందికి ఉద్యోగం, గౌరవం దక్కే ఏర్పాటు లేదన్నది ఆ మాటలోని బాధ.

కుటుంబం, గౌరవాలు

భార్య పి.వి.వి. లక్ష్మి 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో ఆడిన క్రీడాకారిణి. కుమార్తె గాయత్రి డబుల్స్‌లో ట్రీసా జాలీతో కలిసి 2022, 2023 ఆల్ ఇంగ్లండ్ సెమీఫైనల్స్ చేరింది. గోపీచంద్‌కు అర్జున (1999), రాజీవ్ గాంధీ ఖేల్‌రత్న (2001), పద్మశ్రీ (2005), ద్రోణాచార్య (2009), పద్మభూషణ్ (2014) పురస్కారాలు లభించాయి. శిక్షకుల జీవిత సాఫల్య పురస్కారాల్లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2019 సంవత్సరానికి ఆయన్ను ప్రత్యేకంగా ప్రస్తావించింది.

అంచనా

గోపీచంద్‌కు ముందు తెలుగునాట మంచి శిక్షకులు లేకపోలేదు. ఆయన గురువు ఆరిఫే అందుకు సాక్ష్యం. అయితే స్థలం, కోర్టులు, ఆహారం, వైద్యం, విదేశీ నిపుణులు, తెల్లవారుజాము నుంచి సాయంత్రం దాకా సాగే సాధన, వీటన్నిటినీ ఒకచోట చేర్చి, ఏళ్ల తరబడి నిలిపి, ప్రపంచ స్థాయి ఆటగాళ్లను ఒకరి తర్వాత ఒకరిని తయారు చేసిన వ్యక్తి ఆయనే. 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచాక ఆ పేరు మీద హాయిగా బతకగలిగినా, ఇల్లు తాకట్టు పెట్టి పిల్లలకు ఆట నేర్పడానికి పూనుకున్నారు. భారత బ్యాడ్మింటన్ చరిత్రలో ఆయనకున్న స్థానానికి ఆ నిర్ణయమే పునాది.