రంగు మారని పట్టీ

శ్రీకాకుళం జిల్లాలో ఇచ్ఛాపురం నుంచి వజ్రపుకొత్తూరు దాకా సముద్రం వారన ఉన్న నేల ఉద్దానం. ఉద్యానవనం అన్న మాటే అలా మారిందంటారు. కొబ్బరి, జీడి, పనస తోటలు. మందస కొండల్లో ఉండే మన సవర కుటుంబాలకు ఆ తోటలు కొత్త కాదు. కూలికి దిగుతాం, సంతకు దిగుతాం. కిడ్నీ జబ్బు మాత్రం కిందివాళ్లదేనని చాలాకాలం అనుకున్నాం.

కిందివాళ్లకు అది 1990ల నుంచే తెలుసు. ఆకలి చచ్చి, కాళ్లు వాచి, విశాఖపట్నం వెళ్లేసరికి రెండు కిడ్నీలూ పోయాయనేవారు. మరి ఊరి పక్క పీహెచ్‌సీలో ముందే ఎందుకు బయటపడలేదు? మనం చదవాల్సిన చరిత్ర ఇదే.

అక్కడ ఉండేవి బీపీ మిషను, షుగరు పరీక్ష, మూత్రంలో ముంచే కాగితపు పట్టీ. మూత్రంలో ప్రొటీను పోతుంటే పట్టీ రంగు మారుతుంది. షుగరు వల్ల కిడ్నీ చెడితే అది చాలావరకు పట్టిస్తుంది. ఉద్దానం రోగుల్లో చాలామందికి షుగరు లేదు, ప్రొటీనూ పెద్దగా పోదు. పట్టీ రంగు మారదు. "ఏమీ లేదు, వెళ్లు" అనేవారు. మా మామకూ అదే చెప్పి నడుము నొప్పికి మాత్రలిచ్చారు. అలాంటి మాత్రలు రోజూ మింగితే కిడ్నీకి ఇంకా చేటని మాకు తెలిసేసరికి ఆయన లేడు.

2010లో మొదలైన జాతీయ కార్యక్రమం పేరులో అప్పట్లో క్యాన్సరు, షుగరు, గుండెజబ్బు, పక్షవాతం ఉండేవి. కిడ్నీ ఉండేది కాదు. 2017లో ప్రభుత్వ బృందాలు ఉద్దానం ఊళ్లకొచ్చి రక్తం తీసి క్రియాటినిన్ చూశాకే జబ్బు ఎంత పాకిందో లెక్కకొచ్చింది. తర్వాతి సర్వేల్లో పెద్దవాళ్లలో సుమారు అయిదుగురిలో ఒకరికి ఉందని తేలింది. నీళ్లా, ఎండలో చాకిరీయా, పురుగుమందులా, కారణం ఇంకా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, హిరమండలం నుంచి మంచినీళ్లు వచ్చాయి. మంచిదే. కానీ డయాలసిస్ చివరి మజిలీ. మొదటి మజిలీ పీహెచ్‌సీయే.

అక్కడ ఇప్పటికీ ఒక చిక్కుంది. చీటీ మీది అంకె ఒక్కటే చూస్తే చాలదు, వయసు, ఆడా మగా అన్నవి కూడా కలపాలి. క్రియాటినిన్ 1.2 ఉన్న పాతికేళ్ల కుర్రాడి కిడ్నీ పనితీరు సుమారు 86. అదే 1.2 ఉన్న నలభై అయిదేళ్ల ఆమెకు 57. మూడు నెలలు దాటి 60 లోపే ఉంటే జబ్బు కిందే లెక్క. పైగా కండ తక్కువున్న బక్క ఒంట్లో క్రియాటినిన్ తక్కువే తయారవుతుంది, అంకె బాగున్నట్టే కనిపిస్తుంది. మన ఒళ్లు చాలావరకు అలాంటివే కదా.

ఈ రెండు లెక్కలూ బడిలో నల్లబల్ల మీద రాసి చెప్పాం. మర్నాడు ఒక పిల్ల వాళ్లమ్మ చీటీ తెచ్చి, "సార్, దీనికి వయసు కలిపారా?" అంది. తిప్పి చూశాం. చీటీ మీద వయసే రాయలేదు.