ఊరంతటికీ ఒకటే తాళం: లినక్స్ డీక్యాష్ కథ

హ్యాష్ టేబుల్ అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది ఇంటర్వ్యూనే. "వెతకడానికి సగటున ఎంత టైం పడుతుంది?" "ఓ ఆఫ్ వన్ సార్." అంతే, అక్కడితో ఆ టాపిక్ క్లోజ్. ఆ జవాబులో ప్రాసెసర్లు ఎన్ని అన్న మాటే రాదు. లినక్స్ కెర్నల్ వాళ్ళకి ఆ ఒక్క మాటతో తేల్చుకోడానికి ఇంచుమించు పదేళ్ళు పట్టింది.

ఫైలు తెరవాలంటే దారిలో ఉన్న ప్రతి డైరెక్టరీ పేరునీ వెతకాలి కదా. ప్రతిసారీ డిస్కు దాకా వెళితే పని జరగదు. అందుకని కెర్నల్ ఆ పేర్లన్నీ మెమరీలో ఒక పెద్ద హ్యాష్ టేబుల్లో పెట్టుకుంటుంది. దాని పేరే డీక్యాష్. 2001 జనవరిలో వచ్చిన 2.4 కెర్నల్లో ఈ మొత్తం టేబుల్‌కి ఒకటే తాళం, డీక్యాష్ లాక్. ఊరంతటికీ ఒకటే బోరింగు ఉన్నట్టన్నమాట. ఒకటో రెండో ప్రాసెసర్లు ఉన్నన్నాళ్ళు గడిచిపోయింది, పెద్ద సర్వర్లొచ్చాక క్యూ మొదలైంది.

"బకెట్‌కో తాళం పెడితే పోలా?" అని మీరు అడగొచ్చు. నేనూ మొదట అదే అనుకున్నాను. కానీ అందరూ నడిచే దారులు అవే. హోమ్, యూజర్, లిబ్ లాంటి పేర్లున్న బకెట్ల దగ్గర మళ్ళీ అదే క్యూ. పైగా తాళం వేయడమంటేనే మెమరీలో రాయడం. ఒక కోర్ రాసిన క్యాష్ లైను తక్కిన కోర్ల దగ్గర చెల్లకుండా పోతుంది. ఊరికే చదివి పోదామని వచ్చినవాడు కూడా రాసేవాడైపోతాడు. అసలు జబ్బు ఇదీ, హ్యాష్ ఫంక్షన్ కాదు.

దీనికి మందు ఆర్‌సీయూ. చదివేవాడు తాళం ముట్టుకోడు. తీసేసిన నోడుని వెంటనే ఫ్రీ చేయకుండా, అప్పటికే చదువుతున్నవాళ్ళంతా బయటపడేదాకా ఆగుతారు. పాల్ మెకెన్నీ, జాక్ స్లింగ్‌వైన్ 90ల మొదట్లోనే సీక్వెంట్ కంపెనీ యూనిక్స్‌లో దీన్ని వాడారు. 1999లో ఐబీఎం సీక్వెంట్‌ని కొనేసింది, 2002లో ఆర్‌సీయూ లినక్స్ 2.5లోకి చేరింది. (తర్వాత ఎస్‌సీఓ వాళ్ళు ఐబీఎం మీద వేసిన దావాలో దీన్ని కూడా లాగారు. అదో పెద్ద రామాయణం, వదిలేద్దాం.)

మనవాళ్ళకి తెలియాల్సిన సంగతి ఒకటుంది. డీక్యాష్‌కి ఆర్‌సీయూ అమర్చిన పనిలో ముఖ్యులు దీపాంకర్ శర్మ, మనీష్ సోని. ఇద్దరూ బెంగుళూరు ఐబీఎంలో పనిచేసినవాళ్ళే. ఇండియా అంటే సపోర్టు, మెయింటెనెన్సే అని అందరూ అనుకుంటున్న రోజుల్లో, ప్రపంచంలోని ప్రతి లినక్స్ మెషీన్లో నడిచే కోడు ఇక్కణ్ణుంచి వెళ్ళింది. మన టెక్ పేజీల్లో వీళ్ళ గురించి ఎప్పుడైనా చదివారా?

పని తేలిక కాదు లెండి. మీరు ఒక లిస్టు వెంట నడుస్తుండగా ఎవడో ఫైలు పేరు మార్చాడనుకోండి. మీ కాళ్ళ కింది నోడు వేరే బకెట్‌కి వెళ్ళిపోతుంది, దాంతోపాటు మీరూ! ఉన్న ఫైలే "లేదు" అని తేలుతుంది. అందుకే రీనేమ్‌లకి ఒక సీక్వెన్స్ నంబరు పెట్టారు. వెతికినది దొరక్కపోతే ఆ నంబరు చూస్తారు. మారి ఉంటే మళ్ళీ మొదటినుంచి వెతుకుతారు.

ఇంత చేసినా రిఫరెన్స్ కౌంటు మిగిలిపోయింది. దొరికిన ప్రతి పేరుకీ ఒకటి కూడటం, మళ్ళీ తీసేయటం. అదీ రాయడమేగా! 2010లో ఎంఐటీ వాళ్ళు 48 కోర్ల మెషీన్ మీద పరీక్షించినప్పుడు అడ్డుపడినవాటిలో ఈ కౌంటర్లూ ఉన్నాయి. 2011 మార్చిలో వచ్చిన 2.6.38లో నిక్ పిగ్గిన్ మార్పులతో ఆ కథ చాలావరకు ముగిసింది. దారి మధ్యలోని డైరెక్టరీలకి తాళమూ లేదు, కౌంటూ లేదు. డీక్యాష్ లాకే పోయింది. రాసేవాళ్ళకి మాత్రం చివరికి బకెట్‌కో తాళం దక్కింది. అదీ ఒక్క బిట్టులో! బకెట్ పాయింటర్లో చివరి బిట్టు ఎప్పుడూ సున్నానే కాబట్టి దాన్నే తాళంగా వాడేశారు, అదనంగా ఒక్క బైటు ఖర్చు లేదు. నాకు ఈ మొత్తం కథలో బాగా నచ్చినది ఇదే.

నడుస్తుండగా సైజు మార్చుకునే టేబుల్ 2014లో 3.17తో కెర్నల్లోకి వచ్చింది. డీక్యాష్ మాత్రం దాని జోలికి పోలేదు, దాని బకెట్ల లెక్క బూటప్పుడు ఖాయమైందే. కావాలంటే మీ సర్వర్ బూట్ లాగ్‌లో "డెంట్రీ క్యాష్ హ్యాష్ టేబుల్ ఎంట్రీస్" అన్న లైను వెతకండి, పక్కనే అంకె ఉంటుంది.